కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు: భూకంపంలో కాంక్రీటు భవనాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో భూమి కంపించింది. మాగ్నిట్యూడ్ 5.3. హైదరాబాద్, వరంగల్, ఖమ్మం, విజయవాడ దాకా తెలిసింది. గిన్నెలు కదిలాయని, ఫ్యాన్ ఊగిందని చాలామంది అపార్టుమెంట్లు వదిలి కిందికి పరుగెత్తారు. ఆ వారమంతా నా ఫోన్ మోగుతూనే ఉంది. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని కాబట్టి బంధువులు, పాత క్లయింట్లు, వాళ్ల పక్కింటివాళ్లు, అందరూ అడిగారు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ప్రశ్నలు ఇంచుమించు అవే కనుక జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదంతా పిల్లర్లు, బీములతో కట్టిన భవనాల గురించే. రాతి గోడల మీదో ఇటుక గోడల మీదో స్లాబు వేసిన ఇళ్ల కథ వేరు.

భవనాన్ని ఎవరూ తోయలేదు, కదిలింది నేల. మరి దెబ్బ భవనానికి ఎందుకు?

ఆర్టీసీ బస్సులో కమ్మీ పట్టుకోకుండా నిలబడ్డారనుకోండి. డ్రైవర్ ఒక్కసారిగా బండి లాగిస్తే కాళ్లు బస్సుతో పోతాయి, ఒళ్లు వెనక్కి తూలుతుంది. భవనానికీ అంతే. పునాది నేలతో పాటు కదిలిపోతుంది, పైన ఉన్న బరువు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఈ రెండింటి మధ్య చిక్కుకుని వంగేది పిల్లరు.

బరువు ఎంతుంటే పిల్లరు మీద పడే అడ్డబలం అంత పెరుగుతుంది. భవనం బరువులో ఎక్కువ భాగం ప్రతి అంతస్తులోనూ స్లాబు దగ్గరే ఉంటుంది. అక్కడ పుట్టిన బలం బీముల్లోకి, వాటి నుంచి పిల్లర్లలోకి, పిల్లర్ల నుంచి ఫుటింగుల్లోకి (పునాది దిమ్మెల్లోకి) దిగాలి. టెర్రస్ మీద అడుగు మందాన మట్టి పోసి తోట పెంచేవాళ్లు, లెక్కలో లేని పెద్ద నీళ్ల ట్యాంకు పైకెక్కించేవాళ్లు ఈ బలాన్ని పెంచుతున్నారు. అదీ అన్నిటికంటే ఎక్కువగా ఊగే చోట.

ఇంకో చిక్కుంది. కాంక్రీటు నొక్కితే బాగా తట్టుకుంటుంది. లాగితే మాత్రం అందులో పదో వంతు బలం కూడా ఉండదనుకోవచ్చు. అందుకే సాగే వైపు కడ్డీలు వేస్తాం. మామూలు రోజుల్లో బీము మధ్యలో అడుగు భాగం సాగుతుంది, చివర్లలో పై భాగం సాగుతుంది. భూకంపంలో బీము చివర్లు ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంగుతాయి కాబట్టి అప్పటిదాకా నొక్కుడులో ఉన్న చివరి అడుగు భాగం కూడా సాగుతుంది. అక్కడ కడ్డీ చాలకపోయినా, ఉన్న కడ్డీ పిల్లరులోకి సరిగా దిగకపోయినా పగులు అక్కడే మొదలవుతుంది. నిలువు బరువుల కోసమే డిజైన్ చేసిన పాత భవనాల్లో ఇది మామూలుగా కనిపించే లోపం.

మా బిల్డర్ ‘భూకంపాన్ని తట్టుకునే భవనం’ అన్నాడు. అంటే పగుళ్లు కూడా రావా?

వస్తాయి. కోడ్, అంటే ఐఎస్ నంబర్లతో వచ్చే మన దేశపు నిర్మాణ ప్రమాణాలు, ఇచ్చే హామీ చాలా చిన్నది. చిన్న కంపనానికి ఏమీ కాకూడదు. ఓ మోస్తరుదానికి గోడలు పగలొచ్చు, పిల్లర్లకూ బీములకూ తగిలే దెబ్బ మరమ్మతుకు లొంగేలా ఉండాలి. పెద్దదానికి భవనం ఇక పనికిరాకుండా పోయినా ఫర్వాలేదు, కూలకూడదు. లోపలివాళ్లు నడిచి బయటికి రావాలి. అంతకు మించి ఏ మాటా లేదు.

దీని వెనక ఒక లెక్క ఉంది. ఇంటి యజమానులకు అది చెబితే ముందు నమ్మరు. భూకంప బలాన్ని లెక్కగట్టే కోడ్ ఐఎస్ 1893, అది దేశాన్ని ముప్పును బట్టి జోన్లుగా విడదీస్తుంది, అంకె పెరిగితే ముప్పు పెరిగినట్టు. దాని 2016 ప్రతిలో విజయవాడ జోన్ 3 కిందికి వస్తుంది. అక్కడ గట్టి నేల మీద ఐదంతస్తుల చిన్న అపార్టుమెంటు ఉందనుకుందాం. కోడ్ డిజైన్‌కు తీసుకునే భూకంపంలో అది చెక్కు చెదరకుండా నిలవాలంటే తన బరువులో దాదాపు 20 శాతం అడ్డబలాన్ని మోయాలి. అదే కోడ్ డిజైన్ చేయమనేది మాత్రం సుమారు 4 శాతానికి. ఐదో వంతు!

ఇందులో మోసమేమీ లేదు. 20 శాతానికి కట్టాలంటే పిల్లర్లే గదులంత అవుతాయి. అందుకని కోడ్ ఒక ఒప్పందానికి వస్తుంది: నువ్వు తక్కువ బలంతో కట్టుకో, కానీ బలం చాలనప్పుడు ఫట్‌మని విరగకుండా సాగాలి. చాక్‌పీసును వంచితే విరుగుతుంది. బైండింగ్ వైరును వంచితే వంగుతుంది, మళ్లీ తిప్పితే మళ్లీ వంగుతుంది, చాలాసేపు తెగదు. భూకంపం తెచ్చే శక్తిని భవనం ఇలా వంగుతూ, పగులుతూ ఖర్చు చేసేయాలి. ఈ సాగే గుణం కాంక్రీటుకు సొంతంగా లేదు. లోపలి ఇనుము వల్ల, దాన్ని కట్టిన తీరు వల్ల వస్తుంది. ఎలా కట్టాలో చెప్పేది ఐఎస్ 13920. ఆ వివరాలు పాటించకుండా ఐదో వంతు బలానికే డిజైన్ చేసిన భవనం, రాయితీ తీసుకుని షరతు ఎగ్గొట్టినట్టే.

ఆ వివరాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఏది?

రింగులు. నన్ను ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను. సిమెంటు ఏ బ్రాండు, స్టీలు ఏ కంపెనీ అని నెల రోజులు వాకబు చేసేవాళ్లు రింగుల వంక ఒక్కసారి కూడా చూడరు.

పిల్లరులో నిలువు కడ్డీల చుట్టూ చుట్టే రింగు మూడు పనులు చేస్తుంది. పిల్లరు ఏటవాలుగా కోసినట్టు తెగిపోకుండా ఆపుతుంది. నొక్కుడు పెరిగినప్పుడు నిలువు కడ్డీలు విల్లులా బయటికి ఉబ్బకుండా పట్టుకుంటుంది. మూడోది, లోపలి కాంక్రీటును నాలుగు వైపులా బిగించి ఉంచుతుంది. బస్తాలో పోసిన ధాన్యం మూతి కట్టి ఉన్నంతసేపు బరువు మోస్తుంది, బస్తా చిరిగితే కుప్పగా జారిపోతుంది. పగిలిన కాంక్రీటు కూడా బిగువు ఉన్నంతసేపు బరువు మోస్తూనే ఉంటుంది.

ఇప్పుడు హుక్కు సంగతి. రింగు రెండు కొసలనూ 135 డిగ్రీలు వంచి పిల్లరు లోపలికి, నడిమి కాంక్రీటులోకి దించాలి. కొస పొడవు కడ్డీ మందానికి ఆరు రెట్లు ఉండాలి, 65 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 8 మిల్లీమీటర్ల రింగు అయితే 65 అన్నమాట. సైట్లలో ఎక్కువగా కనిపించేది 90 డిగ్రీల హుక్కు, అంటే కొస పిల్లరు ముఖం వెంబడి పడుకుని ఉంటుంది. మామూలు రోజుల్లో దానికీ దీనికీ తేడా తెలియదు. భూకంపంలో ముందు రాలిపోయేది బయటి కవర్ కాంక్రీటు. అది రాలగానే 90 డిగ్రీల కొసను పట్టుకునేది ఏదీ ఉండదు. రింగు విచ్చుకుంటుంది, కడ్డీలు ఉబ్బుతాయి, పిల్లరు కూర్చుంటుంది.

రింగుల మధ్య దూరం కూడా అంతే ముఖ్యం. పిల్లరు మీద ఎక్కువ వంపు పడేది కింద, పైన, అంటే బీముతో కలిసే చోట్ల. కనీసం 450 మిల్లీమీటర్లు, సుమారు అడుగున్నర మేర అక్కడ రింగులు దగ్గర దగ్గరగా ఉండాలి. 300 మిల్లీమీటర్ల పిల్లరుకైతే 75 మిల్లీమీటర్లకు, అంటే మూడు అంగుళాలకు మించకూడదు. మా దగ్గర మేస్త్రీలు పొడుగునా ఆరంగుళాలకొకటి వేసుకుంటూ పోతారు. అడిగితే “ఇన్నేళ్లుగా ఇలాగే కడుతున్నాం సార్, ఏ బిల్డింగూ పడలేదు” అంటారు. నిజమే, ఆ భవనాలకు పరీక్ష ఇంకా రాలేదు.

ఇంకో రెండు చోట్ల కన్నేయాలి. బీమూ పిల్లరూ కలిసే జాయింటు లోపల రింగులు వేయడం కష్టం, బీము కడ్డీలు పరిచాక చెయ్యి దూరదు. అందుకని అక్కడ అసలు వేయరు. నేను చూసిన ఒక సైటులో స్లాబు వేసే ముందు రోజు జాయింట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. విప్పి మళ్లీ కట్టించేసరికి రెండు రోజులు పట్టింది, కాంట్రాక్టరు నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. రెండోది ల్యాపింగు. పిల్లరు కడ్డీల అతుకు స్లాబు పైన వెంటనే వేయడం అలవాటు, పనికి సులువని. అది వంపు ఎక్కువగా పడే చోటు. అతుకు అంతస్తు మధ్య భాగంలో ఉండాలి, అదీ ఒకేచోట సగం కడ్డీలకు మించకుండా.

స్టిల్ట్ పార్కింగ్ ఉన్న అపార్టుమెంటు ప్రమాదకరమా?

అన్నీ కావు. కానీ మన ఊళ్లలో నన్ను భయపెట్టేది ఇదే.

పొలంలో కాపలాకు వేసే మంచె గుర్తుంది కదా, సన్నని గుంజల మీద బరువైన అటక. పక్కకు తోస్తే అటక వంగదు, గుంజలే వంగుతాయి. స్టిల్ట్ భవనం ఇలాంటిదే. పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలున్నాయి. అవి లెక్కలో బలం కింద రాకపోయినా, మూల నుంచి మూలకు పెట్టిన ఆసరా కర్రల్లా పనిచేసి అంతస్తును పక్కకు వంగనివ్వవు. కింద గోడలు లేవు, ఒట్టి పిల్లర్లు. పై ఐదంతస్తులూ ఒక్క పెట్టెలా కదులుతాయి, ఊగుడంతా కింది పిల్లర్ల మీద పడుతుంది. ఆరు అంతస్తులు పంచుకోవాల్సిన వంపును ఒక్క అంతస్తు భరించాలి.

ఇది ఊహ కాదు. 2001 జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు కచ్‌లో 7.7 భూకంపం వచ్చింది. దాని కేంద్రానికి అహ్మదాబాద్ 200 కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరంలో కూడా పదుల సంఖ్యలో బహుళ అంతస్తుల కాంక్రీటు భవనాలు కూలిపోయాయి, ఎక్కువ వాటికి కింద పార్కింగే. కొన్నిటికి పై అంతస్తుల్లో పిల్లర్లను బయటికి జరిపి బాల్కనీ బీముల చివర్ల మీద నిలబెట్టారు, అంటే ఆ పిల్లరుకు కింద పునాదే లేదు. 2016 ప్రతి ప్రకారం అహ్మదాబాద్ ఉన్నది జోన్ 3లో. విజయవాడ, నెల్లూరు కూడా ఆ జోన్‌లోనే ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాతే 2002లో ఐఎస్ 1893 మారింది. కింది ఖాళీ అంతస్తు పిల్లర్లను, బీములను రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయాలన్నారు. 2016 ప్రతి ఇంకో అడుగు ముందుకేసి అక్కడ కాంక్రీటు గోడలు గానీ బ్రేసింగు (పిల్లర్ల మధ్య ఏటవాలు ఆసరా కమ్మీలు) గానీ పెట్టమంది. కాబట్టి 2002కు ముందు కట్టిన స్టిల్ట్ భవనం అయితే అనుమానించడమే మంచిది. తర్వాతదైతే డ్రాయింగు చూసి మాట్లాడాలి.

ఇప్పటికే కట్టేసిన స్టిల్ట్ భవనానికి ఏమైనా చేయవచ్చా?

చేయవచ్చు, పైగా పని అంతా కిందే కాబట్టి ఎవరూ ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. పిల్లర్ల చుట్టూ కొత్త కడ్డీలు, దగ్గర రింగులు కట్టి కాంక్రీటు పోయడం (జాకెటింగ్), కొన్ని పిల్లర్ల మధ్య కాంక్రీటు గోడలు లేపడం, ఉక్కు బ్రేసింగు బిగించడం, ఈ మూడూ వాడుకలో ఉన్న దారులు. ముందు ఐఎస్ 15988 (కట్టేసిన కాంక్రీటు భవనాలను పరీక్షించి బలపరిచే కోడ్) ప్రకారం భవనాన్ని అంచనా వేయించాలి. “రెండు గోడలు కట్టించేస్తే పోలా” అని సొంతంగా మొదలుపెడితే కొత్త ముప్పు వస్తుంది: గోడలన్నీ ఒకే పక్కన పడితే భవనం ఊగడం మాని మెలి తిరుగుతుంది, ఎదుటి పక్క పిల్లర్లు విరుగుతాయి. గోడలు రెండు దిక్కుల్లోనూ సమతూకంగా రావాలి, కింద వాటికి పునాది ఉండాలి.

ఇంజనీరింగ్ కంటే కష్టమైనది అసోసియేషన్ మీటింగు. ఏ గోడ కట్టినా ఎవరిదో ఒకరి కారు స్థలం పోతుంది. “మా స్లాటే ఎందుకు” దగ్గర ఆగిపోయిన పనులు నాకు తెలిసినవే నాలుగున్నాయి.

హాలు పెద్దది చేసుకోవడానికి ఇటుక గోడ తీసేయవచ్చా?

లోపలి పార్టిషన్ ఒకటి తీస్తే భవనం పడిపోదు. కింది అంతస్తులో షాపు కోసం గోడలన్నీ తీసేస్తే మాత్రం మీ చేతులతో మీరే స్టిల్ట్ తయారు చేసినట్టు. పైపు కోసం బీముకు చిల్లు పెట్టడం, పిల్లరు అంచు చెక్కడం, వీటి గురించి అడగనే వద్దు.

మా పిల్లర్లు 9 అంగుళాలే. చాలవా?

గోడలో కలిసిపోవాలని, మూల బయటికి కనబడకూడదని తొమ్మిదంగుళాల పిల్లర్లు వేస్తారు. 2016 ఐఎస్ 13920 కనీసం 300 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అడుగు, ఉండాలంటుంది. సన్నని పిల్లరులో బీము కడ్డీ పట్టు చిక్కేంత చోటు ఉండదు, కాంక్రీటు దిగే సందూ ఉండదు. ఇంకో సంగతి కూడా గమనించండి: దీర్ఘచతురస్రపు పిల్లర్లన్నీ ఒకే దిక్కుకు తిప్పి ఉంటే భవనం ఒక దిక్కుకు గట్టిగా, రెండో దిక్కుకు బలహీనంగా ఉంటుంది. భూకంపం ఏ దిక్కున ఊపుతుందో ముందు చెప్పదు.

సన్న పిల్లరు, లావు బీము జోడీ అన్నిటికంటే చెడ్డది. దెబ్బ ముందు బీముకు తగలాలి. బీము వంగితే ఒక గది పోతుంది, పిల్లరు పోతే దాని మీదున్న అంతస్తులన్నీ పోతాయి. అందుకే జాయింటు దగ్గర పిల్లర్ల వంపు బలం బీముల కంటే 1.4 రెట్లు ఉండాలని 2016 కోడ్ అంటుంది.

స్కూలు గదుల్లో సగం గోడ కట్టి పైన పొడుగునా కిటికీలు పెడతారు. దానివల్ల నష్టమేంటి?

గోడ పట్టేసిన మేర పిల్లరు వంగలేదు, కిటికీ ఎత్తు వరకే వంగాలి. వంగే పొడవు సగమైతే పిల్లరు ఎనిమిది రెట్లు బిర్రుగా మారుతుంది. బిర్రుగా ఉన్నదానికే ఎక్కువ బలం వచ్చి పడుతుంది, కాబట్టి ఆ పొట్టి ముక్క ఏటవాలుగా తెగుతుంది. వాలు నేల మీద కట్టిన భవనాల్లో, మెట్ల మధ్య బీము వచ్చి తగిలే పిల్లర్లలో కూడా ఇదే జరుగుతుంది. విరుగుడు తేలిక: గోడకూ పిల్లరుకూ మధ్య సందు వదలాలి, లేదా ఆ పిల్లరుకు పైనుంచి కింది దాకా దగ్గర రింగులు వేయాలి.

ఎత్తు భవనాలకే ప్రమాదం ఎక్కువ కదా? మేం రెండంతస్తులే.

ఎత్తును బట్టి తేలే విషయం కాదు. ప్రతి భవనానికీ తనదైన ఊగు ఉంటుంది. ఉయ్యాల తాడు పొడుగైతే నెమ్మదిగా, పొట్టిదైతే చకచకా ఊగినట్టు. ఇంజనీర్లు వాడే మోటు లెక్క అంతస్తుకు 0.1 సెకను: రెండంతస్తులకు 0.2, పదంతస్తులకు ఒక సెకను. నేలకూ తన ఊగు ఉంటుంది. గట్టి రాయి చకచకా అదురుతుంది, లోతైన మెత్తటి మట్టి నెమ్మదిగా ఊగుతుంది. రెండూ కలిశాయా, ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టు ఊపు పెరుగుతూ పోతుంది.

1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరంలో జరిగింది ఇదే. భూకంప కేంద్రం 350 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. నగరంలో పెద్ద భాగం పాత చెరువు అడుగు మట్టి మీద ఉంది, ఆ మట్టి దాదాపు రెండు సెకన్లకోసారి ఊగింది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలు. వాటి పక్కనే పొట్టివి చాలా నిలబడ్డాయి. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 వచ్చినప్పుడు వెయ్యి కిలోమీటర్ల దూరాన బ్యాంకాక్‌లో మేడల మీది ఈతకొలనుల నీళ్లు వీధిలోకి జలపాతాల్లా పడ్డాయి, కడుతున్న ముప్పైకి పైగా అంతస్తుల భవనం ఒకటి కూలిపోయింది. దూరపు భూకంపపు చకచక అదురు దారిలోనే అణిగిపోతుంది, నెమ్మది ఊగే మిగిలి వస్తుంది. అది ఎత్తు భవనాలకు అంటుకుంటుంది, మెత్తటి నేల దాన్ని ఇంకా పెంచుతుంది.

దగ్గరి భూకంపమైతే లెక్క తిరగబడుతుంది, పొట్టి భవనాలకే ఎక్కువ తగులుతుంది. హైదరాబాదులో చాలాచోట్ల కింద గ్రానైటు రాయి, విజయవాడ చుట్టుపక్కల కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. ఒకే డిజైను రెండు ఊళ్లలోనూ కట్టేసేవాళ్లకు ఈ తేడా పట్టదు.

మనది సేఫ్ జోన్ అంటారు. ఇంత టెన్షన్ అవసరమా?

టెన్షన్ వద్దు, ధీమా కూడా వద్దు. 2016 ప్రతిలో హైదరాబాద్, విశాఖ జోన్ 2 కింద, భద్రాచలం, ఒంగోలు, విజయవాడ జోన్ 3 కింద ఉన్నాయి. 1967లో ఒంగోలు దగ్గర, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5 దాటిన భూకంపాలు వచ్చాయి. అప్పుడు ఆ ప్రాంతాల్లో ఇన్ని కాంక్రీటు మేడలు లేవు. మనకు హిమాలయాల్లో వచ్చేంత పెద్దవి రావు, నిజమే. కానీ ‘సేఫ్’ అన్న మాటకు 1993 సెప్టెంబరు 30 చాలు. ఆ తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో భూమి కదిలి వేలమంది చనిపోయారు. అప్పటి మ్యాపులో ఆ చోటు అన్నిటికంటే సురక్షితమైన జోన్ 1. తర్వాత 2002లో జోన్ 1 అన్నదే తీసేశారు.

2016 ఐఎస్ 13920 జోన్ 2లో తననేమీ తప్పనిసరి చేయలేదు, మీ ఇష్టం అని వదిలేసింది. నా మట్టుకు నేను హైదరాబాదులో కూడా పాటిస్తాను. రింగు కొసను ఇంకో 45 డిగ్రీలు వంచడానికి ఏమంత ఖర్చు?

5.3, 7.7 అంటే తేడా 2.4 మాత్రమేనా?

కాదు. మాగ్నిట్యూడ్ ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు, రెండు పెరిగితే వెయ్యి రెట్లు. ములుగుకు తట్టుకున్న భవనం కచ్ లాంటిదానికి తట్టుకుంటుందని అనుకోవడానికి వీల్లేదు. ఇంకోటి, మాగ్నిట్యూడ్ భూకంపానిది, ఒక్కటే అంకె. మీ ఇంటి దగ్గర ఎంత ఊపింది అన్న తీవ్రత ఊరికో రకం. పేపర్లలో రెండిటికీ ‘తీవ్రత’ అనే రాస్తారు, అక్కడే తికమక.

కంపనం తర్వాత గోడలో పగులు కనిపించింది. భయపడాలా?

ఎక్కడ అన్నదే ముఖ్యం. ఇటుక గోడా కాంక్రీటూ కలిసే గీత వెంబడి సన్నని పగులైతే రంగు వేయించేటప్పుడు పూడ్చుకోండి. గోడ మీద మూల నుంచి మూలకు గుణకారం గుర్తులా పగిలితే ఆ గోడ పని చేసిందని అర్థం. ఇంజనీర్‌కు చూపించండి, ఇల్లు వదలక్కర్లేదు. పిల్లరు మీద ఏటవాలు పగులు, పిల్లరు పైనో కిందో కవర్ రాలి కడ్డీ బయటపడటం, కడ్డీ ఉబ్బి కనిపించడం, కొత్తగా తలుపులు ఒరుసుకోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఖాళీ చేయాలి. తర్వాత చిన్న కంపనాలు రావచ్చు, గాయపడిన పిల్లరు రెండోసారి ఓర్చుకోలేదు. అన్నట్టు, ముందు చూడాల్సింది పడకగది గోడ కాదు, పార్కింగులో పిల్లర్లు.

ఊగుతున్నప్పుడు కిందికి పరుగెత్తాలా?

ఊగుతున్నంతసేపు వద్దు. బలమైన బల్ల కిందికి దూరి, తల కాపాడుకుని, దాన్ని పట్టుకుని ఉండండి. మెట్లు, లిఫ్టు వాడొద్దు. మెట్ల భాగం భవనంలో ముందు దెబ్బతినేవాటిలో ఒకటి, బయట పిట్టగోడలు, ఏసీ యూనిట్లు మీద పడతాయి. కుదుపు ఆగాక నిదానంగా దిగి ఖాళీ స్థలానికి వెళ్లండి.

ములుగు కంపనం రోజు ఫొటోల్లో నేను చూసినదేమంటే, చాలామంది దిగి వచ్చి నిలబడింది స్టిల్ట్ పార్కింగులో, నీడ ఉందని. ఇంకెక్కడైనా నిలబడండి గానీ అక్కడ కాదు.

భవనాన్ని స్ప్రింగుల మీద కట్టొచ్చట కదా?

స్ప్రింగులు కావు, సీసం గుండె పెట్టిన రబ్బరు, ఉక్కు పొరల దిమ్మెలు. నేల కదిలినా పై భవనం తన చోటు అంతగా వదలదు. 2001లో కూలిపోయిన భుజ్ ఆసుపత్రి స్థానంలో కట్టిన కొత్తదాన్ని వీటి మీదే నిలబెట్టారు. ఆసుపత్రులకు, ఆగకుండా నడవాల్సినవాటికి పెట్టుబడి దండగ కాదు. మన జీ ప్లస్ 5కు రింగులు సరిగా కడితే చాలు.

పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చా? పిల్లర్ల కడ్డీలు వదిలే ఉంచాం.

కడ్డీలు వదిలినంత మాత్రాన కింది పిల్లర్లు ఆ బరువుకు డిజైన్ అయినట్టు కాదు. పైగా పదేళ్లు వానకు తడిసిన కడ్డీ తుప్పు పట్టి సన్నబడి ఉంటుంది. డ్రాయింగు చూపించి లెక్క వేయించుకోకుండా పెంట్‌హౌస్ జోలికి పోవద్దు.

కొత్త ఇల్లు కడుతున్నాం. సైటులో మేమే ఏం చూసుకోవచ్చు?

స్లాబు వేసే ముందు రోజు సాయంత్రం వెళ్లండి. టేపు పట్టుకుని పిల్లరు కింద, పైన రింగుల మధ్య దూరం కొలవండి. హుక్కులు లోపలికి వంగాయా చూడండి. జాయింట్లలో రింగులున్నాయా అని తొంగి చూడండి, బీము చివర్లలో రింగులు దగ్గరగా ఉన్నాయో లేదో గమనించండి. స్టీలు గ్రేడుల్లో ఎఫ్ఈ 500 కంటే ఎఫ్ఈ 500 డీ మేలు: తెగేముందు మొదటిది కనీసం 12 శాతం సాగాలి, రెండోది కనీసం 16 శాతం. కాంక్రీటులో పని సులువవుతుందని నీళ్లు ఎక్కువ కలపనివ్వకండి. ఫొటోలు తీసి దాచుకోండి, కాంక్రీటు పోశాక చూపించడానికి ఇంకేమీ మిగలదు.

మా భవనం ముప్పై ఏళ్లది, డ్రాయింగులు లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో, పార్కింగులో. రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటును తట్టి చూసే పరికరం) పైపై పొర గట్టిదనమే చెబుతుంది, దాని రిపోర్టు ఒక్కటే చూసి నిర్ణయాలు వద్దు. నాలుగైదు చోట్ల కోర్ (డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్క) తీయించి కాంక్రీటు బలం కొలిపించాలి. కాంక్రీటు లోపలి ఇనుమును వెతికే స్కానర్‌తో కడ్డీలు ఎన్ని, రింగులు ఎంత దూరంలో ఉన్నాయో పగలగొట్టకుండానే తెలుస్తుంది. హుక్కు ఎటు వంగిందో మాత్రం స్కానర్‌కు కనబడదు. ఒకటి రెండు పిల్లర్లకు మూలన కవర్ చెక్కి చూడాలి, చూశాక అదే రోజు మూయించాలి.